బెల్లం గానుగ చూపించాను, పరీక్షలో మాత్రం తెల్ల కాగితం ఇచ్చాడు: నేను ఎక్కడ తప్పాను?

ప్రశ్న: సైన్సు టీచరు, చిత్తూరు జిల్లా

నమస్కారం. చిత్తూరుకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం చెబుతున్నాను. పదకొండేళ్ల సర్వీసు. నెల రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరి చుట్టూ చెరకు, వేరుశనగ, మామిడి. బడికి కిలోమీటరు దూరంలో బెల్లం గానుగ ఉంది. తొమ్మిదో తరగతిలో పదార్థ స్థితులు, మరగడం, బాష్పీభవనం పాఠం చెప్పేటప్పుడు ఏటా గ్లాసులో నీళ్లు, స్పిరిట్ దీపం చూపించి సరిపెట్టేదాన్ని. ఈసారి సంక్రాంతి సెలవులు అయిపోగానే ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని ముప్పై ఎనిమిది మందినీ గానుగ దగ్గరికి నడిపించుకుని వెళ్లాను. రెండు గంటలు ఉన్నాం. పిల్లలు చెరకు రసం తాగారు, వేడి బెల్లం తిన్నారు, పెనం నుంచి లేచే ఆవిరిలో చేతులు పెట్టి కేరింతలు కొట్టారు. నేను అక్కడే నిలబడి మరగడం అంటే ఇది, ఆవిరి అంటే ఇది అని చెప్పాను. ఆ రోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

పది రోజుల తర్వాత యూనిట్ పరీక్ష. 'మరగడానికీ బాష్పీభవనానికీ తేడాలు రాయండి' అని ఒక ప్రశ్న. పేపర్లు దిద్దుతుంటే గుండె జారిపోయింది. బాగా రాసినవాళ్లు గైడు చూసి కంఠతా పట్టినవాళ్లే. మిగతావాళ్లు గానుగకు వెళ్లకముందు ఎలా రాసేవారో అలాగే రాశారు.

అందులో ఒక అబ్బాయి సంగతి చెప్పాలి. వెనుక బెంచీలో కూర్చుంటాడు. వాళ్ల మేనమామది అదే గానుగ. ఆ రోజు మేమంతా ఆవిరి చూస్తుంటే వాడు పెనం పక్కన నిలబడి తల కొంచెం వంచి వింటున్నాడు. ఉన్నట్టుండి "మామా, దించాల" అన్నాడు. మేనమామ గరిటెతో పాకం తీసి చల్లటి నీళ్ల గిన్నెలో వేశాడు. వేలితో ఒత్తాడు. ఉండ కట్టింది. వెంటనే నలుగురూ పట్టి పెనం దించారు. వాడు చూడలేదు, రుచి చూడలేదు, చప్పుడు విని చెప్పాడు! అదే పిల్లవాడు ఆ ప్రశ్నకు ఒక్క అక్షరం రాయలేదు.

"ఒక పూట పాఠాలు పోయాయి, ఏం వచ్చిందమ్మా?" అని స్టాఫ్ రూములో అడిగారు. నా దగ్గర జవాబు లేదు. వాళ్లు నేర్చుకున్నారా, లేదా? నేర్చుకుని ఉంటే అది కాగితం మీదికి ఎందుకు రాలేదు? మీలో ఎవరైనా ఇలాంటిది చేసి చూసి ఉంటే, జరిగింది జరిగినట్టుగా చెప్పండి.

జవాబు: గానుగ ఇంటివాడిని, కాణిపాకం దారి

టీచర్ గారూ, నేను పంతులును కాను. మా నాన్న ముప్పై ఏళ్లు గానుగ నడిపారు, ఇప్పుడు అన్న నడుపుతున్నాడు. పదో తరగతి దాకా నేను సీజన్లో తెల్లవారుజామున పొయ్యిలో పిప్పి వేసి ఆ తర్వాతే బడికి వెళ్లేవాణ్ణి. మీరు రాసింది చదివి ఆ అబ్బాయి స్థానంలో నన్ను నేను చూసుకున్నాను.

ముందుగా ఒక మాట. మీరు ఎన్ని గంటలకు వెళ్లారు? బడి సమయంలో అంటే పది దాటి ఉంటుంది. అప్పటికి మొదటి పెనం దిగిపోయి ఉంటుంది. రెండోది సగంలో ఉంటుంది. పిల్లలు కథ మధ్యలో వచ్చి చివర చూసి వెళ్లారు. పచ్చి రసం పెనంలో పడ్డప్పటి నుంచి చూడాలి. మొదట రసం మురికి ఆకుపచ్చ రంగులో ఉంటుంది, కాస్త పులుపు గుణం ఉంటుంది. అందుకే సున్నపు నీళ్లు కలుపుతారు. సున్నం తక్కువైతే బెల్లం గట్టిపడదు, ఎక్కువైతే నల్లబడుతుంది. బెండ మొక్కల కాండం నలగ్గొట్టి ఆ జిగురు కలిపితే మడ్డి అంతా పైకి తేలి తెట్టు కడుతుంది, దాన్ని తోడేస్తారు. మీ పుస్తకంలో ఆమ్లాలు, క్షారాలు అని ఉన్న పాఠం అంతా ఆ అరగంటలో ఉంటుంది. అది మీ పిల్లలు చూడలేదు.

రెండోది, మా నాన్న నాకు ఎలా నేర్పారో చెబుతాను. ఆయన ఎప్పుడూ ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెప్పలేదు. పాకం చివరికి వచ్చేటప్పటికి తెడ్డు నా చేతికిచ్చి ఒక్క మాట అడిగేవారు: "ఇప్పుడా?" నేను అవును అనో కాదు అనో చెప్పాలి. చెప్పిన తర్వాతే ఆయన గరిటెతో తీసి నీళ్లలో వేసేవారు. తొందరపడి అవునంటే పాకం నీళ్లలో దారంలా సాగి కరిగిపోయేది. అంటే ఇంకా లేత. ఆలస్యం చేస్తే ఉండ గాజులా గట్టిపడి టక్కున విరిగేది. నా జవాబు తప్పైన ప్రతిసారీ ఆయన ఏమీ అనకుండా గిన్నె నా ముందు పెట్టేవారు. అంతే.

ఒకసారి నేను 'ఇంకా లేదు' అన్నాను. ఆయనకు తెలుసు, పాకం వచ్చేసిందని. అయినా ఆపలేదు. ఆ పెనం ముదిరింది. డెబ్బై కిలోల బెల్లం నల్లగా, చేదు తగిలి వచ్చింది. మండీలో సగం ధర కూడా రాలేదు. ఇంటికి వచ్చే దారిలో ఆయన అడిగింది ఒకటే, "చప్పుడు ఎప్పుడు మారింది?" అప్పటిదాకా చప్పుడు మారుతుందని నేను గమనించనే లేదు. నీళ్లు ఎక్కువ ఉన్నప్పుడు గలగలా ఉంటుంది. చివర్లో బుడగలు బరువెక్కి, ఊపిరి వదిలినట్టు ఒక్కొక్కటే పగులుతాయి. మీ అబ్బాయి విన్నది దాన్నే.

మీరు పిల్లలను 'ఇప్పుడా?' అని అడిగారా? మీరు రాసినదాన్ని బట్టి మీరే అన్నీ చెప్పేశారు అనిపిస్తోంది. తప్పుగా అనుకోకండి.

ఇంకొక జాగ్రత్త. పాకం ఒంటి మీద పడితే నీళ్లలా జారిపోదు, అతుక్కుని లోపలిదాకా కాలుస్తుంది. ముప్పై ఎనిమిది మందిని పెనం చుట్టూ నిలబెట్టవద్దు. పది మంది చాలు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

అమ్మా, పై అబ్బాయి రాసింది రెండుసార్లు చదివాను. నేను ముప్పై నాలుగేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి తెలుసుకున్నది వాళ్ల నాన్నగారు ఒక్క ప్రశ్నలో పెట్టారు.

నా అనుభవం చెబుతాను. తిరుమల ఘాట్ రోడ్డులో భూగర్భ శాస్త్రవేత్తలు ఎంతో విలువైనదిగా చెప్పుకునే చోటు ఒకటుంది. కింద అతి ప్రాచీనమైన గ్రానైటు, దాని మీద నగరి క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి) పొరలు. ఆ రెండింటి మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ, అంటే ఆ కాలపు రాళ్లు అక్కడ లేవు. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. తిరుపతి పిల్లలు కొండ ఎక్కి దిగేటప్పుడల్లా దాని పక్క నుంచే వెళతారు.

మొదటిసారి ఒక బస్సు మాట్లాడుకుని పిల్లలను తీసుకెళ్లాను. వేలుపెట్టి చూపించి, పేరు చెప్పి, వయసు చెప్పి, నోటు పుస్తకంలో రాయించాను. వచ్చాక అడిగితే వాళ్లకు గుర్తున్నది దారిలో కనిపించిన జింక. అది కూడా మంచిదే, కానీ నేను వెళ్లింది దానికోసం కాదు. పైగా ఆ మలుపుల్లో పిల్లలను దింపి నిలబెట్టడం ఎంత ప్రమాదమో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మరుసటి ఏడాది కొండ ఎక్కలేదు. బడి మేడ మీదికి తీసుకెళ్లాను. వెళ్లేముందు తరగతి గదిలో, కిటికీలు మూసి, "మన కొండ బొమ్మ వేయండి" అన్నాను. పుట్టినప్పటి నుంచీ రోజూ చూస్తున్న కొండ. నలభై మందిలో ముప్పై మందికి పైగా త్రికోణం వేశారు, పైన గుడి గోపురం పెట్టారు. తర్వాత మేడ మీద కాగితం చేతిలో పెట్టుకుని కొండను చూడమన్నాను. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. ఒక అమ్మాయి మెల్లగా, "సార్, అది త్రికోణం కాదు. కింద వాలుగా ఉంది, పైన గోడలా ఉంది" అంది. ఇంకొకడు, "గోడ ఎర్రగా ఉంది, అడ్డంగా గీతలున్నాయి. కింద గుండ్రటి బండలు" అన్నాడు. "వాలు ఎక్కడ గోడగా మారుతోందో అక్కడ గీత గీయండి" అన్నాను. గీశారు. అప్పుడు చెప్పాను, మీరు గీసిన ఆ గీత దగ్గర కోట్ల ఏళ్లు కనబడకుండా పోయాయి అని. ఎందుకు, ఎలా అని వాళ్లు అడిగిన ప్రశ్నలకు నాకు మూడు రోజుల పాఠాలు సరిపోలేదు. రెండిటికీ తేడా మీకు చెప్పనక్కరలేదు. మొదటిసారి వాళ్ల దగ్గర సరిచూసుకోవడానికి ఏమీ లేదు. రెండోసారి వాళ్లు వేసిన తప్పు బొమ్మ వాళ్ల చేతిలోనే ఉంది.

కాబట్టి అమ్మా, మళ్లీ వెళ్లండి. వెళ్లేముందు ప్రతి ఒక్కరూ ఒక అంచనా కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. పెన్సిలుతో కాదు, పెన్నుతో. చెరపడానికి వీలుండకూడదు.

జవాబు: ఒక తల్లి, చిత్తూరు

మేడమ్ గారూ, మీ శ్రద్ధకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కానీ ఒక తల్లిగా నా భయం కూడా చెప్పాలి. మా అమ్మాయి పదో తరగతి. మార్కులు రాకపోతే మంచి కాలేజీలో సీటు ఉండదు. గానుగకు ఎన్నిసార్లు తీసుకెళ్లినా చివరికి ప్రశ్నపత్రంలో అడిగేది అడుగుతారు. పొలం, గానుగ, ఆవులు మా పిల్లలు పుట్టిన దగ్గర నుంచీ చూస్తున్నారు. బడికి పంపేది ఇంట్లో దొరకనిది నేర్పుతారనే కదా. పట్నంలో పిల్లలకు ఇవి వింత, మాకు కాదు. ఆ పూట పాఠం పోకుండా చేయగలిగితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

జవాబు: ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అధ్యాపకురాలు, తిరుపతి

పై తల్లి గారి మాటను తేలికగా తీసుకోవద్దని నా విన్నపం. అనుభవం ద్వారా నేర్చుకోవడం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువసార్లు పొరబడేది అక్కడే. మన పల్లె పిల్లలకు అనుభవానికి కొదవ లేదు. కొందరికి వయసుకు మించి ఉంది. లేనిదల్లా ఆ అనుభవానికి బడిలో చోటు. ఆ అబ్బాయి చెవిలో ఉన్నదానికి తన పుస్తకంలో ఒక పేరు, ఒక పటం ఉన్నాయని వాడికి ఎవరూ చెప్పలేదు.

అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1938లోనే దీన్ని హెచ్చరికగా చెప్పారు. చదువు అనుభవం నుంచి వస్తుంది నిజమే, కానీ ప్రతి అనుభవమూ చదువు కాదు, కొన్ని అనుభవాలు ముందు నేర్చుకోబోయేదానికి అడ్డు కూడా పడతాయి అన్నారు. 1984లో అమెరికా విద్యా సిద్ధాంతకర్త డేవిడ్ కోల్బ్ దాన్నే నాలుగు దశల చక్రంగా చెప్పారు: చేయడం, చేసినదాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం పట్టుకోవడం, ఆ సూత్రాన్ని కొత్తచోట పరీక్షించడం. టీచర్ గారూ, మీరు మొదటి దశ చేయించి మూడో దశకు పరీక్ష పెట్టారు. రెండోది జరగలేదు. (మా కళాశాలలో ఈ నాలుగు దశలూ పాఠ్య ప్రణాళికలో నాలుగు గడులుగా మారిపోయాయి, మా దగ్గర శిక్షణ పొందేవాళ్లు గడులు నింపి తెస్తారు. అది చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.)

1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ నయీ తాలీమ్‌ను (చేతిపని ద్వారా చదువు) ముందుకు తెచ్చినప్పుడు కూడా చేతిపని పాఠం పక్కన ఉండే తీరిక పని కాదు, పాఠం దానిలోంచే రావాలన్నది మూలం. 2020 జాతీయ విద్యా విధానం అన్ని దశల్లోనూ అనుభవపూర్వక అభ్యసనం ఉండాలంది, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు పుస్తకాల సంచి లేని రోజులు పెట్టమంది. మంచిదే. అయితే సంచి లేని రోజు, మిగతా రోజులతో సంబంధం లేని రోజు అయిపోతే తల్లి గారి భయమే నిజమవుతుంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ పాఠశాల వారు చుట్టుపక్కల పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతిని చూడండి. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో, ఎవరి మెట్టు మీద వాళ్లు పని చేస్తారు. తాను ఏ మెట్టు మీద ఉన్నదీ, తర్వాతిది ఏదో పిల్లవాడికే తెలుస్తుంది.

ఇక మీ ప్రశ్న. 'తేడాలు రాయండి' అన్నది గైడును అడిగిన ప్రశ్న. గానుగను అడగండి. 'ఎండలో ఆరబెట్టిన పిప్పి ఆరిపోతుంది, పెనంలో రసం చిక్కబడుతుంది. రెండిట్లోనూ నీళ్లే పోయాయి. పోయిన తీరులో తేడా ఏమిటి?' అని ఇచ్చి చూడండి. విషయం అదే, మార్కులూ అవే. పబ్లిక్ పరీక్షకు కావలసిన వాక్యాలు కూడా ఆ జవాబులోంచే వస్తాయి.

అడిగినవారి స్పందన, మూడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా గానుగ ఇంటి సోదరుడికి. 'మీరే అన్నీ చెప్పేశారు' అన్న మాట ఆ రోజు బాధ పెట్టింది. రాత్రి కూర్చుని తలచుకుంటే నిజమని తేలింది.

మళ్లీ వెళ్లాం. ఈసారి తొమ్మిది మంది, తెల్లవారుజామున ఐదున్నరకు, తల్లిదండ్రులు రాసిచ్చిన అనుమతితో. చిత్తూరు తల్లి గారూ, బడి గంట కొట్టేలోపు తిరిగి వచ్చేశాం, ఒక్క పాఠమూ పోలేదు. మిగతావాళ్లు వంతులవారీగా వస్తారు.

మా ప్రయోగశాలలో ఉన్న థర్మామీటరు 110 డిగ్రీల వరకే. అందుకని వంటలో వాడే పొడవాటి లోహపు కడ్డీ ఉన్న డిజిటల్ థర్మామీటరు కొన్నాను. దాన్ని పొడవాటి కర్రకు కట్టి మేనమామ గారు మాత్రమే పెనంలో పెట్టారు, పిల్లలు దూరం నుంచి అంకె చదివారు. ముందురోజే అందరితో పెన్నుతో రాయించాను: రసం ఎంత దగ్గర మరుగుతుంది, దించేటప్పుడు ఎంత ఉంటుంది? తొమ్మిది మందిలో ఎనిమిది మంది రెండిటికీ 100 అని రాశారు. పుస్తకంలో అలాగే ఉంది కదా, మరుగుతున్నంతసేపు ఉష్ణోగ్రత మారదని. ఆ అబ్బాయి ఒక్కడే రెండోదానికి 'ఎక్కువ' అని రాశాడు. ఎంత అని అడిగితే తెలియదన్నాడు. అంకె రాయలేదని ముందు మందలించబోయాను, ఆగాను.

మరుగు మొదలైనప్పుడు 99, 100 మధ్య ఊగింది. పది నిమిషాలకొకసారి రాసుకున్నారు. గంటన్నర పాటు 100, 101, 102. పిల్లలకు విసుగు పుట్టింది. ఆ తర్వాత 104. 106. అక్కడి నుంచి రెండు నిమిషాలకొకసారి చదవాల్సి వచ్చింది. 110 దాటగానే ఒక అమ్మాయి గట్టిగా అరిచింది, "మేడమ్, పుస్తకం తప్పు!" మేనమామ గారు ఉలిక్కిపడి చూశారు. 114 దగ్గర ఆ అబ్బాయి తల వంచి వినడం మొదలుపెట్టాడు. ఈసారి మిగతా ఎనిమిది మందీ వాడిలాగే తలలు వంచారు. నేను "ఇప్పుడా?" అన్నాను. ఏడుగురు అవునన్నారు. వాడు కాదన్నాడు. ఇంకొక రెండు నిమిషాలు. వాడు చెయ్యి ఎత్తినప్పుడు అంకె 118. పాకం నీళ్లలో ఉండ కట్టింది.

బడికి వచ్చి గ్రాఫు గీశారు. చాలాసేపు నేల మీద పాకినట్టు ఉన్న గీత చివర్లో ఒక్కసారిగా నిటారుగా లేచింది. ఎందుకని అడిగాను. దాదాపు 400 లీటర్ల రసం పోస్తే డెబ్బై కిలోల చిల్లర బెల్లం వచ్చిందని మేనమామ గారు చెప్పింది వాళ్లు రాసుకుని ఉన్నారు. మొదట నీళ్లు ఎక్కువ కాబట్టి ఒక బిందెడు పోయినా రసంలో పెద్ద మార్పు ఉండదు, చివర్లో ఉన్నదే నాలుగు బిందెలైతే ఒక బిందె పోతే చాలా చిక్కబడుతుంది అని వాళ్లలో వాళ్లే వాదించుకుని తేల్చారు. పుస్తకం తప్పు కాదని, పుస్తకంలో ఉన్నది ఒట్టి నీళ్లని, ఇది చక్కెర కలిసిన నీళ్లని ఆ తర్వాత నేను చెప్పాను. నేను చెప్పింది ఆ ఒక్కటే.

ఆ అబ్బాయి గ్రాఫు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నిటారుగా లేచిన చోట వేలు పెట్టి, "ఇక్కడే మేడమ్ చప్పుడు మారేది" అన్నాడు. అక్కడ చిన్న అక్షరాలతో 'చప్పుడు' అని రాశాడు. నా తరగతిలో వాడు తనంతట తానుగా రాసిన మొదటి మాట అది.

అధ్యాపకురాలు గారు చెప్పిన ప్రశ్న ఇంకా ఇవ్వలేదు, వచ్చే వారం ఇస్తాను. మార్కులు ఎలా వచ్చినా ఇక్కడ రాస్తాను. ఈలోగా ఒక సహాయం కావాలి. నిన్న ఆ అమ్మాయి, పుస్తకం తప్పన్న అమ్మాయి, వచ్చి అడిగింది: ఉప్పు నీళ్లు కూడా ఇలాగే 118 దాకా వెళతాయా, లేక ఉప్పు ముందే అడుగున పేరుకుపోతుందా అని. వెళ్లి అంచనా రాసి తెమ్మన్నాను. శనివారం మధ్యాహ్నం చేసి చూద్దామనుకుంటున్నాం. ఉప్పు పేరుకునేటప్పుడు చిటపటా చిమ్ముతుంది కదా, పిల్లల కళ్లకు రక్షణగా ఏం వాడాలో ఎవరైనా చేసినవాళ్లు ఉంటే శుక్రవారంలోగా చెప్పగలరా?